కాలిబంతి క్లబ్బుల వ్యయము – అభిమానుల వాదము

మన పాఠశాలలో సాయంకాలపు గంట కొట్టిన పిదప మైదానమున జరుగు ఆటకంటె, ఆట ముగిసిన తరువాత చెట్టు నీడను జరుగు వాదమే దీర్ఘముగా నుండును. ఆ వాదమున ఒక పక్షము బెంగళూరు జట్టుది. మనము కర్ణాటక రాష్ట్రమున నున్నవారము, పావగడలో బస్సెక్కినచో అదే దినమున కంఠీరవ క్రీడాంగణము చేరవచ్చును, కావున ఆ జట్టే మనదని వారి మాట. రెండవ పక్షము హైదరాబాదు జట్టుది. ఇంట మాటాడునది తెలుగు, బడిలో చదువునది తెలుగు. కావున తెలుగువారి మహానగరపు జట్టే మనదని వీరి పట్టు. ఇరువురును కలిసి విడువక చర్చించు విషయ మొక్కటి కలదు: క్లబ్బు గొప్ప ఆటగాండ్రకై ధారాళముగా ధనము వెచ్చింపవలెనా, లేక ఉన్న బాలురను తీర్చిదిద్దుకొని ఓపిక పట్టవలెనా?

కొంతకాలముగా రెండవ పక్షమువారు మాటాడుట తగ్గించిరి. వారి జట్టు వారిని విడిచి దూరదేశము పోయినది. అది ఎట్లు పోయినదో తెలిసికొన్నచో పై ప్రశ్నకు సగము సమాధానము దొరకును. అందులకు ముందు ఆటగాని బదిలీ యనగా నేమో, దాని వెనుక లెక్క యేమో కొంత చెప్పవలసియున్నది.

ఫలానా క్లబ్బు ఫలానా ఆటగానిని 'కొన్నది' యని పత్రికలు వ్రాయును. మన బాలురును ఆ మాటనే పలుకుదురు. నిజమునకు మనిషిని కొనుట లేదు, అమ్ముట లేదు. చేతులు మారునది ఒడంబడిక. ఆటగాడు ఒక క్లబ్బునకు మూడేండ్లకో నాలుగేండ్లకో వ్రాతపూర్వకముగా కట్టుబడియుండును. ఆ గడువు తీరకమునుపే మరియొక క్లబ్బు అతనిని కోరిన యెడల, మిగిలిన గడువును వదలుకొన్నందులకు మొదటి క్లబ్బు పుచ్చుకొను పరిహారమే బదిలీ రుసుము. గడువు తీరినవాడు స్వతంత్రుడు. ఈ స్వాతంత్ర్యము పూర్వము పూర్తిగా లేదు. గడువు తీరినను పాత క్లబ్బు రుసుము అడుగుచుండెడిది. 1995లో బోస్మాన్ అను బెల్జియము దేశపు ఆటగాని వ్యాజ్యములో ఐరోపా న్యాయస్థానము ఇచ్చిన తీర్పుతో, ఐరోపా సమాజ దేశములలో ఆ ఆచారము అంతరించెను. నాటినుండి ఆటగాండ్ర జీతములు కొండెక్కినవి. క్లబ్బునకు పోవలసిన పైకములో పెద్ద పాలు ఆటగాని చేతికి వచ్చుచున్నది. ఇది అన్యాయమని నేను తలపను. చెమటోడ్చువాడు అతడే కదా!

ఇంకొక పద్ధతి కలదు. ఆటగానిని ఒక ఏటికో, అర్ధసంవత్సరమునకో వేరొక క్లబ్బునకు ఎరువిచ్చుట. మన తాలూకావారికి దీనిని వివరింప పనిలేదు. తిరుమణి ప్రాంతమున సౌరవిద్యుత్ క్షేత్రమునకై రైతులు తమ భూములను అమ్మలేదు. ఆరంభమున ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలున కిచ్చిరి. భూమి రైతుది, దానిపై ఎండను పట్టు పలకలు ఇంకొకరివి. ఎరువు పోయిన ఆటగాడును అట్టివాడే. ఆట ఒకరిది, హక్కు మరియొకరిది.

ఇక లెక్క. ఒక క్లబ్బు 100 కోట్లు రుసుమిచ్చి ఒకనిని అయిదేండ్ల ఒడంబడికపై తెచ్చుకొన్నదనుకొందము. పద్దు పుస్తకములలో ఆ 100 కోట్లును ఒక్క యేటనే వ్యయముగా చూపరు. ఏటికి 20 కోట్ల చొప్పున అయిదేండ్లపై పంచి వ్రాయుదురు. జీతము దీనికి వేరు. అభిమానులు రుసుమును గూర్చి గొంతు చించుకొందురు గాని, జీతమును గూర్చి అడుగరు. వివాహపు ఖర్చు ఒకనాటిది, కాపురపు ఖర్చు నిత్యమైనది. ప్రపంచమున చితికిపోయిన క్లబ్బులలో పెక్కు, పెండ్లి ఘనముగా చేసి కాపురము నడపలేకపోయినవే.

రెండు పక్షముల వాదమునకును సాక్ష్యములు లేకపోలేదు. వెచ్చింపనివానికి కప్పు రాదనువారు ఇంగ్లండు దేశపు నాటింగ్‌హామ్ ఫారెస్టు క్లబ్బును చూపవచ్చును. 1979 ఫిబ్రవరిలో ఆ క్లబ్బు ట్రెవర్ ఫ్రాన్సిస్ అను యువకునికై పదిలక్షల పౌన్లు ఇచ్చెను. ఒక బ్రిటిషు ఆటగానికి అంత ధర పలుకుట అదే మొదలు. దేశమంతయు ముక్కున వ్రేలిడుకొన్నది. ఆ సంవత్సరమే మే నెలలో ఐరోపా కప్పు తుది పోటీలో మాల్మో జట్టుపై జరిగిన ఏకైక గోలు ఫ్రాన్సిస్ తలతో కొట్టినదే. ఖర్చు వడ్డీతో తిరిగివచ్చినట్లయ్యెను.

ఎదుటి పక్షమువారు అదే దేశపు లీడ్స్ యునైటెడ్ క్లబ్బును చూపవచ్చును. రాబోవు విజయముల ఆదాయమును నమ్ముకొని ఆ క్లబ్బు అప్పులు చేసి ఆటగాండ్రను తెచ్చెను. 2001లో ఐరోపా ఛాంపియన్ల పోటీలో సెమీఫైనలు దాక పోయెను. ఆ తరువాత ఆ పోటీలో స్థానము దక్కలేదు; వచ్చునని తలచిన ఆదాయము రాలేదు; అప్పు మాత్రము నిలిచెను. ఒక్కొక్క ఆటగానిని వదలుకొని, 2004లో మొదటి శ్రేణినుండి జారిపోయి, తుదకు తమ క్రీడాంగణమునే అమ్మి దానికి అద్దె చెల్లించు స్థితికి వచ్చిరి. వాన కురియునను నమ్మకముతో అప్పు చేసి వేరుసెనగ విత్తినవాని కథ మన మండలమున ఎవరికి తెలియదు?

పారిస్ జట్టు కథ ఈ రెంటికిని చెందదు. 2017లో ఆ జట్టు బ్రెజిలు దేశీయుడైన నెయ్‌మార్‌ను తెచ్చుటకు 22 కోట్ల 20 లక్షల యూరోలు ఇచ్చెను. అంతటి బదిలీ రుసుము అంతకుముందు ఎన్నడును లేదు. పిదప ఎంబాపే, మెస్సీ కూడ వచ్చిరి. ముగ్గురును కలిసి ఆడిన కాలమున ఐరోపా కప్పు రాలేదు. ముగ్గురును వెడలిపోయిన పిదప, 2025 మే నెలలో, ఆ క్లబ్బు ఇంటర్ మిలాన్‌ను 5–0 తేడాతో ఓడించి ఆ కప్పును గెలుచుకొనెను. దీనినిబట్టి ధనము వ్యర్థమనరాదు. ఆ గెలిచిన జట్టును కూడ ధనము పోసియే కూర్చిరి. ఖ్యాతిగాంచిన ముగ్గురికంటె కలిసి పరుగెత్తు పదునొకండుగురు మేలని మాత్రము తేలినది.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. ఆటగాండ్రను దూరమునుండి తెచ్చుకొనుట మనకు క్రొత్తది కాదు. 1949లో కలకత్తాయందలి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ముందు వరుసలో అయిదుగురు కూడిరి. వారు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. జనులు వారిని పంచపాండవులనిరి. ఆ అయిదుగురిలో ఒక్కడును బంగాళీ కాడు. అహ్మద్ ఖాన్ మన బెంగళూరు మైదానములలో పెరిగినవాడు. సాలే మలయాళ సీమవాడు. అప్పారావను పేరు మన చెవికి ఎంత చేరువయో వేరుగ చెప్పనక్కరలేదు. వీరిని వెదకి కూర్చిన ఘనత ఆ క్లబ్బు కార్యదర్శి జ్యోతిష్ గుహకు చెందును. 1949, 1950, 1951 మూడేండ్లును వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఆ క్లబ్బుదే.

ఇందొక విశేషము కలదు. ఆ క్లబ్బు అభిమానులలో అనేకులు 1947 దేశవిభజనముతో ఇండ్లువాకిండ్లు వదలి తూర్పు బంగాళమునుండి వచ్చినవారు. తమ ఊరి గౌరవమంతయు ఆ జట్టుపై పెట్టుకొన్న ఆ జనులు, తమ భాష రాని అయిదుగురు దక్షిణాదివారిని భుజములపై మోసిరి. ఆటగాని పుట్టినచోటు ఏదని వారు పట్టించుకొనలేదు. ఏ జట్టు మనదని తగవులాడు మన బాలురకు ఈ సంగతి తెలియుట మంచిది.

ఆనాడు కాలిబంతి పేరునకు ఔత్సాహికుల క్రీడ. రుసుములు లేవు, ఉద్యోగము, బస, చేతిఖర్చు ఉండెడివి. తరువాతి దశాబ్దములలో క్లబ్బు మారదలచిన ఆటగాడు కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. కార్యాలయమునకు స్వయముగా వచ్చి సంతకము చేయవలసియుండెను. ఆ దినములు సమీపించినపుడు ఒక క్లబ్బువారు తమకు కావలసిన ఆటగానిని రహస్యముగా ఒక యింట దాచియుంచుటయు, ఎదుటి క్లబ్బువారు జాడ తీయుటయు, వీధులలో అభిమానులు గుంపులుగా కాచియుండుటయు సాధారణమే. పెండ్లికొడుకును విడిదినుండి ఎత్తుకొనిపోవు నాటకమువలె నుండెడిది!

కలకత్తా క్లబ్బులు ఆటగాండ్రకై వెదకిన ఊళ్ళలో హైదరాబాదు ఒకటి. అచ్చట సయ్యద్ అబ్దుల్ రహీం ఉండెను. ఆయన పాఠశాలలలో పనిచేసిన ఉపాధ్యాయుడు. ఈ మాట వ్రాయునపుడు నా కలము కొంచెము గర్వపడుచున్నది. 1963లో మరణించువరకు ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు అయిదేండ్లు వరుసగా బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. 1950లో డ్యూరాండు కప్పు తుది పోటీలో కలకత్తావారి మోహన్ బగాన్‌ను ఓడించెను. భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు ఆయన శిక్షణలో వచ్చినవి. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానము పొందెను. మరల అంత దూరము మనము పోలేదు.

పోలీసు జట్టు విధానము సరళమైనది. ఆడువానికి ఉద్యోగము; ఉద్యోగముండుటచే ఇంటికి నిశ్చింత; నిశ్చింతచే ఏండ్ల తరబడి ఒకే జట్టున, ఒకే గురువు క్రింద అభ్యాసము. కాసులతో పోటీపడలేని ఊరు స్థైర్యముతో పోటీపడెను.

ఆ ఊరి బాలుడే తులసీదాస్ బలరాం. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో బీదయింట పుట్టినవాడు. అభ్యాసమునకు నగరము చేరుటకు చేత డబ్బు లేనపుడు సైకిలు అద్దె రహీం ఇచ్చుచుండెనని బలరామే తరువాతి కాలమున చెప్పియుండెను. ఆ బాలుడు 1956, 1960 ఒలింపిక్సులలో ఆడెను. రోము నగరమున హంగెరీపై గోలు కొట్టెను. 1957లో ఈస్ట్ బెంగాల్ అతనిని తీసికొనిపోయెను. 1961లో ఆ జట్టు నాయకుడయ్యెను. తరువాత బంగాళమునందే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అచ్చటనే కన్నుమూసెను. సైకిలు అద్దె ఇచ్చిన ఊరికి ఆతని బదిలీవలన ఒక్క రూపాయియు రాలేదు. ఆ కాలమున అట్టి నియమమే లేదు.

అయినను, బలరాం పోయినను హైదరాబాదు కుంగలేదు. పోలీసు జట్టు 1957లోను రోవర్స్, డ్యూరాండు కప్పులు గెలిచెను. పండిన కాయను ఎవరో కొనిపోయినను, విత్తనపు కాయ ఇంటనే యుండెను. ఆ విత్తనము రహీం. 1963 జూన్‌లో ఆయన పోయిన పిదప ఆ పంట క్రమముగా సన్నగిల్లెను. ఒక్క మనిషిపై నిలిచిన వ్యవస్థకు అదియే లోపము. ఒక్క కోశముపై నిలిచిన వ్యవస్థకును అంతియే యని అరువది యేండ్లకు అదే నగరమున మరల తెలిసెను.

2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనది. అందు మొదట హైదరాబాదు లేదు. 2019 ఆగస్టులో పూనా నగరపు క్లబ్బు ఆర్థిక క్లేశముచే మూతపడగా, ఆ ఖాళీలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టెను. ఆ మాసముననే ఢిల్లీ జట్టు భువనేశ్వరమునకు తరలి ఒడిశా జట్టు ఆయెను. పూనావారు ఏడ్చిన నాడు హైదరాబాదువారు పండుగ చేసికొనిరి. ఇది తప్పు కాదు. కాని గుర్తుంచుకొనవలసిన సంగతి.

మొదటి యేడు జట్టు పదింటిలో పదవది. తరువాత స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్కేజ్ శిక్షకుడుగా వచ్చెను. ఆయన పేరున్నవారికై వెదకక, లిస్టన్ కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి చిన్నవారిని ముందుకు తెచ్చెను. 2020–21లో జట్టు అయిదవ స్థానము చేరి, కొద్దిలో సెమీఫైనలు తప్పిపోయెను. అప్పుడు 2021లో, కలకత్తాయందలి ఏ.టి.కె. మోహన్ బగాన్ క్లబ్బు కొలాసోను తీసికొనిపోయెను. రుసుము ఇంచుమించు కోటి రూపాయలని, భారతీయ ఆటగానికి అంతవరకు అదే అత్యధికమని పత్రికలు వ్రాసినవి.

అభిమానుల వాదము ఇట్టి ఘట్టమున ఎట్లుండునో ఊహింపవచ్చును. ఉత్తమ బాలుని అమ్ముకొను క్లబ్బునకు ఆశయమేమి కలదని కొందరు, అమ్మిన డబ్బుతో నలుగురిని తీర్చవచ్చునని కొందరు. ఆ మరు సంవత్సరము రెండవ మాట నెగ్గినది. 2022 మార్చిలో సెమీఫైనలున హైదరాబాదునకు ఎదురైనది ఆ కొలాసో ఆడుచున్న మోహన్ బగాన్ జట్టే. మొదటి ఆటలో 3–1 గెలుపు, రెండవ ఆటలో 0–1 ఓటమి. మొత్తముపై 3–2తో హైదరాబాదు తుది పోటీ చేరెను. మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1–1గా ముగియగా, పెనాల్టీలలో 3–1తో కప్పు వచ్చెను. గోలు కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ దినమున కోటగోడవలె నిలిచెను. ఆ సంవత్సరము 18 గోలులు కొట్టిన నైజీరియా దేశీయుడు బార్తలోమ్యూ ఓగ్బెచే లీగున అందరికంటె మిన్న.

ఆ కప్పు వచ్చిన సంవత్సరమున హైదరాబాదు నగరమున ఒక్క ఆటయు జరుగలేదు. కరోనా కారణముగా 2020–21, 2021–22 పోటీలన్నియు గోవాలోనే జరిపిరి. తమ జట్టు గెలుచుచుండగా హైదరాబాదు ప్రజలు దానిని దూరదర్శనపు తెరపై చూచిరి. 2022 శరత్కాలమున జట్టు గచ్చిబౌలి క్రీడాంగణమునకు తిరిగివచ్చెను. ఆ యేడు లీగున రెండవ స్థానము పొందెను. చూచుటకు సర్వము బాగున్నది.

లోపల బాగులేదు. ఇక్కడనే నేను లెక్క చూడుమని కోరుచున్నాను. ఈ లీగున ఒక క్లబ్బు తన ఆటగాండ్రపై ఏటికి వెచ్చింపదగిన గరిష్ఠ పరిమితి ఆ కాలమున 16.5 కోట్లు. అత్యధికమని చెప్పుకొన్న కొలాసో రుసుము కోటి. అనగా దేశముననే పెద్ద బదిలీ కూడ జట్టు జీతములలో పదునాఱవ వంతునకు మించి పూడ్చజాలదు. దానికి తోడు లీగు నిర్వాహకులకు క్లబ్బు ఏటేట చెల్లింపవలసిన కోట్ల రుసుము, ప్రయాణములు, బసలు, శిక్షకులు. టిక్కెట్ల రాబడి ఈ ఖర్చునకు చాలదు. మిగిలినదంతయు యజమాని జేబునుండి రావలసినదే. ఆ జేబు ఎంతకాలము తెరచియుండునో అంతకాలమే క్లబ్బు. పొదుపుగా నడచినను, బాలురను పెంచినను, కప్పు గెలిచినను ఈ సత్యము మారలేదు.

2023లో తెర తొలగెను. ఓగ్బెచేకు చెల్లింపవలసిన బకాయి విషయమున ప్రపంచ కాలిబంతి సంఘము క్లబ్బుపై నిషేధము విధించి, క్రొత్తవారిని నమోదు చేసికొనరాదనెను. జీతములు నిలిచినవి. శిక్షకుడు మార్కేజ్ గోవా జట్టునకు పోయెను. ఆకాశ్ మిశ్రా బొంబాయికి పోయెను. ఆశిష్ రాయ్ అంతకు ముందేడే కలకత్తాకు పోయియుండెను. 2024 జనవరి నాటికి విదేశీయులలో దాదాపు అందరును వెడలిరి. మిగిలిన చిన్నవారితో జట్టు 22 ఆటలలో ఒక్కటి మాత్రము గెలిచి, పండ్రెండింటిలో పండ్రెండవదిగా నిలిచెను. రెండేండ్ల క్రిందటి విజేత! 2024లో క్లబ్బు వేరొక వ్యాపార సంస్థ చేతికి పోయెను. 2025లో ఆ సంస్థ జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చెను. 2019లో తన జట్టును భువనేశ్వరమునకు కోల్పోయిన ఢిల్లీ, ఆరేండ్లకు హైదరాబాదు జట్టును పొందెను.

కావున అభిమానులు ఎన్నాళ్ళుగానో వాదించుకొన్నది ఒకటి, జరిగినది మరియొకటి. ఎక్కువ వెచ్చించుటవలన గాని, తక్కువ వెచ్చించుటవలన గాని హైదరాబాదు చెడలేదు. ఇత్తునని వ్రాసియిచ్చిన జీతము ఇయ్యకపోవుటవలన చెడెను. ఎవరిని తెచ్చిరని అడిగిన నోళ్ళు, తెచ్చినవారికి నెలనెల చెల్లుచున్నదా యని అడుగలేదు. అడిగినను చెప్పువారు లేరు. క్లబ్బు పద్దులు చూపవలెనని కోరు హక్కు అభిమానికి లేదు.

బెంగళూరు పక్షమువారు ఇది చదివి మీసము దువ్వవలదు. వారి క్లబ్బు 2013లో పుట్టిన యేడే ఐ–లీగు గెలిచెను. 2016లో ఆసియా సమాఖ్య కప్పు తుది పోటీ చేరిన మొదటి భారత క్లబ్బు అదే. 2019 మార్చిలో సూపర్ లీగు కప్పు పొందెను. జీతముల విషయమున దానికి మంచిపేరు కలదు. కాని అదియు ఒక ఉక్కు కర్మాగార సంస్థ కోశముపై నిలిచినదే. స్తంభము బలమైనది, ఐనను స్తంభము ఒకటే. పైగా వారు తమవాడని మురియు సునీల్ ఛెత్రి పుట్టినది సికిందరాబాదులో! ఈ మాటను రెండవ పక్షము బాలురు చర్చలో బ్రహ్మాస్త్రముగ దాచుకొందురని ఎరుగుదును.

లీగు సంగతియు అంతే. దానిని నడపిన వాణిజ్య సంస్థకును, అఖిల భారత కాలిబంతి సమాఖ్యకును 2010లో కుదిరిన ఒడంబడిక 2025 డిసెంబరుతో ముగియవలసియుండగా, క్రొత్తది కుదరక 2025–26 పోటీలు సకాలమున ఆరంభము కాలేదు. జట్లన్నియు ఆటగాండ్రను పెట్టుకొని ఊరక కూర్చుండవలసివచ్చెను.

అభిమానికి మాట చెల్లు దేశములు లేకపోలేదు. జర్మనీలో, కొన్ని మినహాయింపులు పోగా, క్లబ్బు ఓట్లలో సగమునకు మించిన భాగము చందాదారులైన సభ్యుల సంఘము చేతనే యుండవలెనను నియమము 1998 నుండి యున్నది. ధనవంతుడు మూలధనము పెట్టవచ్చును గాని, క్లబ్బును మూటగట్టి వేరొక ఊరికి కొనిపోజాలడు. మన దేశముననే మోహన్ బగాన్ అభిమానులు తమ క్లబ్బు పేరునకు ముందు తగిలించిన ఏ.టి.కె. అను అక్షరములను తొలగింపుమని ఏండ్ల తరబడి పట్టుబట్టిరి. 2023లో లీగు కప్పు గెలిచిన రాత్రియే యజమాని ఆ అక్షరములను తీసివేయుదునని ప్రకటించెను. పేరు దక్కించుకొన్నవారు రేపు పద్దులు కూడ అడుగవచ్చును. ఆ క్లబ్బునకు 1889 నుండి వచ్చుచున్న సభ్యుల సంఘము కలదు. హైదరాబాదువారికి అట్టిది లేదు. ఆరేండ్ల వయస్సుగల క్లబ్బునకు అంతటి వేరు ఎట్లు పారును?

హైదరాబాదున ఇంకొక క్లబ్బు కలదు: శ్రీనిధి దక్కన్. అది 2022–23, 2023–24 సంవత్సరములలో ఐ–లీగున రెండవ స్థానము పొందినది. దాని పేరు మన బాలుర నోట అరుదుగా వినబడును. పెద్ద లీగున లేనిది జట్టే కాదను భావము కాబోలు.

చివరగా ఒక నియమము. బలరాం కాలమున లేనిది, నేడున్నది. ఒక ఆటగాడు గడువు తీరకమునుపు ఒక దేశమునుండి వేరొక దేశపు క్లబ్బునకు రుసుముపై పోయినచో, ఆ రుసుములో నూటికి అయిదు వంతులు అతనిని పెంచిన క్లబ్బులకు పంచవలెనని ప్రపంచ సంఘపు శాసనము. లెక్క ఇట్లున్నది: పండ్రెండవ యేట మొదలు పదునైదవ యేటి వరకు శిక్షణ యిచ్చిన ప్రతి సంవత్సరమునకు రుసుములో నూటికి పావు వంతు, పదునాఱవ యేట మొదలు ఇరువదిమూడవ యేటి వరకు ప్రతి సంవత్సరమునకు అర వంతు. కోటి రూపాయల బదిలీలో, పదునాలుగవ యేట ఒక్క సంవత్సరము శిక్షణ యిచ్చిన చిన్న క్లబ్బునకు 25,000 రూపాయలు వచ్చును. ఒక ఊరి జట్టునకు బంతులు, బూట్లు, వలలు కొనుటకు అది చాలును. మనకు చేరువనున్న అనంతపురమున విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారి క్రీడాగ్రామమున పల్లె బాలబాలికలకు కాలిబంతి నేర్పుచున్నారు. మన తాలూకా పిల్లలు ఆడుచున్నది అధికముగా పేరు లేని జట్లలో, చెఱువు ఎండిన నేలపై. ఈ పైకము పొందుటకు ఆ బాలుడు ఏ యేట ఏ క్లబ్బున ఆడెనో సమాఖ్యయొద్ద నమోదై యుండవలెను. నమోదు కాని జట్టు ఎంత శ్రమపడి పెంచినను ఆ పంపకమున దానికి భాగము లేదు.